వాడేసిన సిల్వర్ పేపర్‌ను ఏ డబ్బాలో, ఎలా వేయాలి: కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

బిర్యానీ పార్శిల్ విప్పాక చేతిలో మిగిలే సిల్వర్ పేపర్‌ను చాలా ఇళ్లలో ఒకే తీరుగా పారేస్తారు. ఎముకలు, నిమ్మచెక్కలు, ఉల్లిపాయ ముక్కలు అన్నీ అందులోనే చుట్టి, మూట కట్టి, దగ్గర్లో ఏ డబ్బా ఉంటే దాంట్లో పడేస్తారు. ఆ మూట తడి చెత్తకూ పనికిరాదు, పొడి చెత్తకూ పనికిరాదు. లోపలున్నది ఎరువు కావాల్సింది, బయటున్నది కరిగి మళ్లీ లోహం కావాల్సింది. రెండూ కలిసి డంపింగ్ యార్డు పాలవుతాయి.

సూత్రం చిన్నదే. శుభ్రంగా, ఆరి, బంతిగా చుట్టిన అల్యూమినియం రేకు పొడి చెత్త. అది నీలం డబ్బాలోకి పోతుంది. పని పాడయ్యేది మాత్రం మూడు చోట్ల: ఏది నిజమైన రేకో గుర్తుపట్టడంలో, కడగడంలో, బంతి సైజులో.

ముందు నిబంధన ఏమంటోంది

2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం చెత్తను ఇంట్లోనే మూడు రకాలుగా విడదీయాలి: తడి, పొడి, ఇంట్లో వచ్చే హానికర చెత్త. 2021 అక్టోబరులో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో పట్టణాల ఇళ్లకు ఇచ్చిన ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఈ లెక్క ప్రకారం వచ్చినవే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాల్లో రకాలు నాలుగయ్యాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త. అంటే ఎరుపు డబ్బాలో కలిపి వేస్తున్న ప్యాడ్లు, డైపర్లు ఒక వైపు, బల్బులు, బ్యాటరీలు, గడువు తీరిన మందులు ఇంకో వైపు అయ్యాయి. పాత లెక్కలోనైనా కొత్త లెక్కలోనైనా లోహం పొడి చెత్తే. కాబట్టి సిల్వర్ పేపర్ చోటు మారలేదు.

చెత్త పన్ను రద్దయింది కదా, ఇంకా విడదీయడమెందుకు అని కొందరు అడుగుతుంటారు. రద్దయింది బండికి కట్టే రుసుము మాత్రమే. విడదీసి ఇవ్వాల్సిన బాధ్యత చెత్త పుట్టిన ఇంటిదే. వీధిలో, కాలువలో పడేయడం, తగలబెట్టడం, పూడ్చడం కూడా ఆ నియమాల్లోనే నిషేధం. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది.

సిల్వర్‌గా కనిపించేదంతా అల్యూమినియం కాదు

మన దగ్గర "సిల్వర్" అనే మాట చాలా బరువు మోస్తుంది. వంటింట్లో సిల్వర్ గిన్నె అంటే అల్యూమినియం గిన్నె. సిల్వర్ పేపర్ అంటే రొట్టెలు చుట్టే రేకు. సిల్వర్ కవర్ అంటే సాంబారు, కూర పోసి ఇచ్చే మెరిసే సంచి. సిల్వర్ ప్లేటు అంటే ఉగ్గాని, బజ్జీ పెట్టిచ్చే మెరుపు అట్టప్లేటు. వీటిలో మొదటి రెండే పూర్తిగా లోహం. మిగతావి ప్లాస్టిక్ మీదో అట్ట మీదో వేసిన మెరుపు.

తేడా కనిపెట్టడానికి రెండు పరీక్షలు చాలు. రెండూ చేయాలి, ఒకటి చేసి ఆపకూడదు.

మొదటిది నలిపి చూడడం. గుప్పిట్లో గట్టిగా నలిపి, చేయి తెరవండి. నలిగిన ముద్ద అలాగే ఉండిపోతే అది రేకు కావచ్చు. కిర్రుకిర్రుమంటూ మెల్లగా విచ్చుకుంటే అది ప్లాస్టిక్. చిప్స్ ప్యాకెట్లు, కుర్‌కురే ప్యాకెట్లు, బిస్కెట్ ప్యాకెట్ల లోపలి మెరుపు అంతా ఇదే బాపతు. వాటి మీద ఉండే లోహపు పొర మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు కూడా ఉండదు. దాన్ని విడదీసి తీసుకునేవాళ్లెవరూ లేరు.

రెండోది చింపి చూడడం. ఇక్కడే చాలామంది పొరపడతారు. కొన్ని టీపొడి, మసాలా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లలో నిజమైన అల్యూమినియం పొరే ఉంటుంది గానీ దానికి రెండు వైపులా ప్లాస్టిక్ అతికించి ఉంటుంది. అవి నలిపితే రేకులాగే ముద్దగా ఉండిపోతాయి. అందుకని అంచు పట్టి చింపండి. అసలు రేకు కాగితంలా చర్రున చిరుగుతుంది, అంచు శుభ్రంగా ఉంటుంది. ప్లాస్టిక్ కలిసిందైతే సాగుతుంది, చిరిగిన చోట సన్నటి తెల్లటి పొర బయటికి వస్తుంది. సాగిందంటే అది బంతిలోకి రాకూడదు.

కొన్ని హోటళ్లు కాగితం అతికించిన రేకులో పార్శిల్ కడతాయి. బయట కాగితం, లోపల మెరుపు. ఒక మూల చింపి అరగంట నీళ్లలో నానబెడితే కొన్ని విడిపోతాయి. విడిపోతే రేకు బంతిలోకి, కాగితం తడి చెత్తలోకి. విడిపోకపోతే కుస్తీ పట్టకండి. జిడ్డు తుడిచి, విడిగా నీలం డబ్బాలో వేసేయండి.

నిప్పు పెట్టి చూసే పరీక్ష కూడా కొందరు చెప్తారు. వద్దు. ప్లాస్టిక్ అయితే ఆ పొగ పీల్చేది మీరే.

ఈ పరీక్షలు పెట్టాక మామూలుగా తేలేది ఇది. వంటింటి రోల్ రేకు, బిర్యానీ అల్యూమినియం డబ్బా, పెరుగు కప్పు మీది రేకుమూత (చింపితే సాగకపోతే), కేకు కింద వచ్చే రేకు గిన్నె: ఇవి బంతిలోకి వస్తాయి. అల్యూమినియం డబ్బా మీద వచ్చే మెరుపు అట్టమూత మాత్రం డబ్బాతో పాటు పోకూడదు. అది అట్ట, లోపల పూత. దాన్ని తీసి విడిగా నీలం డబ్బాలో వేయాలి. పాల, జ్యూస్ అట్టపెట్టెల్లో ముప్పాతిక వంతు అట్ట, మిగిలిందాంట్లో ఎక్కువ ప్లాస్టిక్, రేకు ఐదు శాతం దాకా మాత్రమే. కడిగి, మడతపెట్టి నీలం డబ్బాలోకే, బంతిలోకి కాదు. ఖాళీ మాత్రల స్ట్రిప్పులు కూడా అంతే. మాత్ర మిగిలి ఉన్న స్ట్రిప్పయితే ఎరుపులోకి.

అసలు పని: ఒక బిర్యానీ రేకును శుభ్రం చేయడం

జిడ్డు, మసాలా, అన్నం మెతుకులు ఎక్కువగా అంటేది బిర్యానీ రేకుకే. దీన్ని చేయగలిగితే చపాతీ రేకు ఒక లెక్కే కాదు.

తినగానే చేయాలి. ఎండిపోయాక మసాలా రేకు ముడతల్లో బిగుసుకుపోతుంది, అప్పుడు గీకితే రేకే చిరుగుతుంది. తినడం కాగానే రేకును పళ్లెంలోనే పూర్తిగా విప్పండి. మూల మడతల్లోనే నెయ్యి, దాల్చిన చెక్క ముక్కలు, మెతుకులు దాక్కుని ఉంటాయి. చెంచా వెనుక వైపుతో మధ్యలోంచి అంచుకు మెల్లగా లాగండి. కొసతో గీరొద్దు, చిల్లులు పడతాయి. రాలినదంతా, ఎముకలతో సహా, ఆకుపచ్చ డబ్బాలోకి.

తర్వాత తుడవాలి, కడగడం కాదు. అడుగున పరిచిన అరటాకు ముక్కతోనో, పాత పేపరు ముక్కతోనో రెండు వైపులా జిడ్డు తుడిచేయండి. ఈ ఒక్క పని చేస్తే నీళ్లు సగానికి సగం తగ్గుతాయి. జిడ్డు అంటిన ఆకు, పేపరు తడి చెత్తలోకే పోతాయి. జిడ్డు కాగితాన్ని పొడి చెత్తలో వేస్తే అక్కడున్న మంచి కాగితం కూడా పాడవుతుంది.

ఇప్పుడు నీళ్లు. రోజు విడిచి రోజు కొళాయి వచ్చే వీధుల్లో సిల్వర్ పేపర్ కోసం మంచినీళ్లు పారబోయమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. బోకులు తోమాక చివర్లో కడిగిన నీళ్లు తొట్టిలో మిగులుతాయి కదా, అవి చాలు. ఒక గ్లాసు నీళ్లకు, అంటే 200 మిల్లీలీటర్లకు, తుడిచిన రేకులు నాలుగైదు శుభ్రమవుతాయి. రేకును తొట్టిలో పది నిమిషాలు పరిచి, తర్వాత మెత్తటి పీచుతో, దానికి అంటి ఉన్న సబ్బుతోనే ఒకసారి రుద్దండి. స్టీలు పీచు వాడకండి. రేకు తునకలై సింకు జాలీలో ఇరుక్కుంటుంది, కొంత కాలువలోకీ పోతుంది.

వాషింగ్ సోడా, బూడిద నీళ్లు, సున్నం, ఇవేవీ తగలనివ్వొద్దు. అల్యూమినియం క్షారంతో చర్య జరిపి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. వేడినీళ్లలో సోడా వేసి రేకు ముంచితే బుసబుస పొంగేది అందుకే. రేకు నల్లబడుతుంది, పల్చబడుతుంది. అంట్ల సబ్బు చాలు.

ఎంత శుభ్రంగా ఉండాలి? అద్దంలా మెరవక్కర్లేదు. వేలితో రుద్దితే వేలికి జిడ్డు అంటకూడదు, ముక్కు దగ్గర పెడితే మసాలా వాసన గుప్పుమనకూడదు. పసుపు మరక మిగిలితే ఫర్వాలేదు. మాడి అంటుకున్న చిన్న చిన్న మచ్చలు కూడా ఫర్వాలేదు, కొలిమి వేడికి అవి కాలిపోతాయి.

పులిహోర, టమోటా చట్నీ, ఎర్రకారం దోశ చుట్టిన రేకుకు పిన్నుతో పొడిచినట్టు సన్నటి చిల్లులు, బూడిద రంగు మచ్చలు కనిపిస్తే కంగారు పడకండి. పులుపు, ఉప్పు కలిసి అల్యూమినియాన్ని తినేసిన గుర్తు అది. స్టీలు గిన్నెలో పుల్లటి కూర పెట్టి, పైన రేకు కప్పి రాత్రంతా ఉంచితే కూర తగిలిన చోటల్లా ఇంకా ఎక్కువ చిల్లులు పడతాయి. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు పులుసు చేరితే బ్యాటరీలో జరిగే చర్యే జరుగుతుంది, అందులో అరిగిపోయేది అల్యూమినియం. ఆ రేకు కడిగి బంతిలో వేయొచ్చు. అలాంటి వంటకాలకు అసలు రేకు వాడకపోవడమే మంచిదన్నది వేరే సంగతి.

ఆరబెట్టడం చిన్న పనే గానీ దీన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. గిన్నెల స్టాండు అంచుకు వేలాడదీస్తే గంటలో ఆరుతుంది. మిద్దె మీద ఎండకు వేయొద్దు. ఆషాఢం గాలికి రేకు పక్క వీధిలో తేలుతుంది, ఇంకా వాసన ఉంటే కాకులు పట్టుకుపోతాయి. తడి ఉండగానే బంతి చుడితే లోపలి నీరు బయటికి రాదు. వారంలో తెల్లటి పొడి కడుతుంది, మురిగిన వాసన వస్తుంది, చీమలు, బొద్దింకలు చేరతాయి. "సిల్వర్ పేపర్ దాచిపెడితే ఇల్లంతా బొద్దింకలే" అని విసుక్కునే ఇళ్లలో జరిగింది మామూలుగా ఇదే.

బంతి: ఎంత సైజు, ఎందుకు

వంటింటి రేకు మందం మామూలుగా 11 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. 30 సెంటీమీటర్ల చదరపు ముక్క బరువు మూడు గ్రాములు కూడా రాదు. ఇంత పల్చటి ముక్కను విడిగా డబ్బాలో వేస్తే చెత్త వేరుచేసే షెడ్డులో అది ఎవరి కంటా పడదు. జల్లెడలోంచి మట్టితో పాటు కిందికి జారిపోతుంది. అయస్కాంతం అల్యూమినియాన్ని పట్టదు కాబట్టి ఇనుము ఏరే యంత్రం దగ్గరా దొరకదు. చేత్తో ఏరితేనే దొరుకుతుంది. చేత్తో ఏరాలంటే అది చేతికి తగలాలి.

రెండో కారణం కొలిమి దగ్గర ఉంది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. విడి రేకు ముక్కకు బరువు తక్కువ, పైభాగం ఎక్కువ. పైభాగమంతా గాలితో కలిసి ఆక్సైడ్ అయిపోతుంది, కరిగిన లోహం మీద తెట్టులా తేలి వృథా అవుతుంది. గట్టిగా అదిమిన ముద్ద అయితే మునిగి కరుగుతుంది. గుజిరీ అంగళ్లలో సిల్వర్ గిన్నెకు ఇచ్చే ధర రేకుకు ఇవ్వరంటే దాని వెనుక ఇదీ ఉంది. అయినా కరిగించడం దండగ కాదు. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి అయ్యే విద్యుత్తు, ఇంధనంలో ఇరవయ్యో వంతుతో పాత లోహాన్ని తిరిగి లోహం చేయొచ్చు.

కాబట్టి బంతి టెన్నిస్ బంతి సైజుకు తక్కువ ఉండొద్దు. దానికి ఇరవై, ఇరవై ఐదు ముక్కలు పడతాయి, బరువు 60 గ్రాముల చుట్టూ ఉంటుంది. వారానికి ఏడెనిమిది ముక్కలు వాడే ఇంట్లో మూడు వారాలకు ఒకటి తయారవుతుంది. ఒక్కో ముక్కను గోలీలా చుట్టి దాచకండి. మొదటి ముక్కను ముద్ద చేసి, తర్వాత వచ్చే ప్రతి రేకునూ దాని మీదే చుట్టి, అరచేతులతో అదుముతూ పోండి, రాగి సంకటి ముద్ద చేసినట్టు. అల్యూమినియం డబ్బా అయితే ముందు అంచు మడత విప్పి, అక్కడ ఇరుక్కున్న నెయ్యి తుడిచి, అడుగును తొక్కి పరిచి, దాన్నే బంతికి పై పొరగా చుట్టండి. టేపు, రబ్బరు బ్యాండు వద్దు. పార్శిల్‌కు కొట్టిన స్టేప్లర్ పిన్ను ఉంటే తీసేయండి. బంతి విప్పి చూసేవాళ్ల వేళ్లకు గుచ్చుకుంటుంది.

బంతి లోపల ఏమీ దాచకండి. మరీ ముఖ్యంగా పగిలిన గాజు, బ్లేడు. వాటిని మందమైన పేపర్లో చుట్టి, పైన "గాజు" అని పెన్నుతో రాసి విడిగా ఇవ్వాలి. బ్యాటరీలతో రేకు అసలు కలవకూడదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ రెండు కొనలకూ రేకు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, పక్కనే కాగితం ఉంటే అంటుకుంటుంది కూడా.

కూల్‌డ్రింక్ క్యాన్లలోకి రేకు కుక్కి పెడితే చోటు కలిసొస్తుందని కొందరు అనుకుంటారు. క్యాన్ లోహం ఒక మిశ్రమం, రేకు లోహం ఇంకో మిశ్రమం. పైగా లోపల ఏదో కూరినట్టు తగిలితే అంగడివాడు బరువు కోసం మట్టి నింపారనుకుంటాడు. రెండూ వేరుగా పెట్టండి.

ఎవరికి ఇవ్వాలి

పట్టణాల్లో మూడు దారులున్నాయి.

ఇంటి ముందుకొచ్చే చెత్త బండికి ఇవ్వడం మొదటి దారి. బండిలో తడికీ పొడికీ వేర్వేరు అరలుంటాయి. నీలం డబ్బాను పొడి అరలో వంపేటప్పుడు బంతిని అందులో కలపకుండా కార్మికుల చేతికే ఇవ్వండి. చాలా బండ్ల పక్కన గోనె సంచులు వేలాడుతుంటాయి, అమ్ముడుపోయే అట్టలు, సీసాలు, లోహం వాళ్లు అందులో వేసుకుంటారు. "అన్నా, ఇది సిల్వర్" అని ఒక మాట చెప్తే అది తప్పకుండా సంచిలోకే చేరుతుంది. బండిలో తడి, పొడి కలిపేస్తున్నారన్న ఫిర్యాదు మూడు నగరాల్లోనూ వినపడేదే. అలాంటి వీధిలో ఉన్నా మీ బంతి దక్కాలంటే చేతికివ్వడమే దారి. ఇక రోజూ కలిపేస్తుంటే వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శికి వీధి పేరు, బండి వచ్చిన టైము రాసి ఇవ్వండి. "బండోళ్లు సరిగా చేయడం లేదు" అని చెప్తే ఏ బండో వాళ్లకూ తెలియదు.

గుజిరీ అంగడి రెండో దారి. 60 గ్రాముల బంతిని ఎవరూ కాటా మీద పెట్టరు. కిలో రావాలంటే 370 ముక్కల దాకా కావాలి, ఒక ఇంటికి అది దాదాపు ఏడాది పని. పాత సిల్వర్ గిన్నెలు, చెడిన కుక్కరు మూత అమ్మేటప్పుడు బంతులు కూడా పక్కన పెట్టండి. గిన్నెల్లో కలిపి తూయించకండి. ధర వేరు కాబట్టి విడిగా చూపిస్తే పేచీ రాదు. "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని సైకిలు మీద వచ్చేవాళ్లు కూడా తీసుకుంటారు, డబ్బులకు కాకపోయినా.

అపార్టుమెంటుల్లో మూడో దారి బాగా పనిచేస్తుంది. లిఫ్టు పక్కన మూతలేని బకెట్ ఒకటి పెట్టి "కడిగిన సిల్వర్ పేపర్ మాత్రమే" అని రాయండి. మూత పెడితే లోపల ఏం వేశారో కనపడదు, రెండో రోజుకే అన్నం మూటలు చేరతాయి. ఇరవై ఇళ్లు వేస్తే అంగడికి పట్టుకుపోయేంత బరువు కొన్ని వారాల్లోనే పోగవుతుంది.

పల్లెల్లో పంచాయతీ గ్రీన్ అంబాసిడర్లు మూడు చక్రాల బండితో వచ్చి తీసుకెళ్లి, చెత్త నుంచి సంపద కేంద్రంలో వేరుచేస్తారు. అక్కడ తడి చెత్తతో వానపాముల ఎరువు చేస్తారు కాబట్టి రేకు ముక్క తడిలోకి పోకుండా చూసుకోవడం పల్లెలోనే ఎక్కువ అవసరం. ఆ ఎరువు చెనిక్కాయ చేనుకు పోయినప్పుడు రేకు ముక్కలు కూడా పోతాయి, ఎన్నేళ్లయినా కుళ్లవు, దుక్కిలో మెరుస్తూ పైకొస్తుంటాయి. 2025 జనవరిలో కడప జిల్లా మైదుకూరులో మొదలైన స్వచ్ఛాంధ్ర దినం ప్రతి నెలా మూడో శనివారం జరుగుతోంది. ఆ రోజు ఊళ్లో సిబ్బంది అందరూ వీధుల్లోనే ఉంటారు కాబట్టి పోగుపడినవి ఇచ్చేయడానికీ, బండి రాని సందుల సంగతి చెప్పడానికీ అనువైన రోజు.

శుభ్రం కాని రేకు

కొన్ని రేకులు ఎంత చేసినా రావు. గ్యాస్ పొయ్యి మీద మరకలు పడకుండా పరిచిన రేకు నెల తర్వాత తారులా ఉంటుంది. తందూరి కోడికి చుట్టిన రేకుకు మాంసం చర్మం అంటుకుపోతుంది. ఇలాంటివాటిని ఒక్కసారి తుడిచి, మడతపెట్టి, బంతితో కలపకుండా నీలం డబ్బాలో అడుగున వేయండి. తిరిగి వాడలేని పొడి చెత్తను సిమెంటు బట్టీల్లో ఇంధనంగా వాడే పద్ధతి ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు కొదవ లేదు. ఆ బట్టీలో 1,450 డిగ్రీల దగ్గర అల్యూమినియం కూడా ఆక్సైడ్‌గా మారి క్లింకర్‌లో, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డల్లో, కలిసిపోతుంది. లోహంగా తిరిగి రాకపోయినా గుట్టలో పడి ఉండదు. ఒక మురికి రేకును మంచి బంతికి చుడితే మాత్రం మొత్తం బంతినే పక్కన పడేస్తారు.

ఎలుకల మందు పెట్టిన రేకు, బొద్దింకల జెల్ రాసిన రేకు, జుట్టుకు రంగు వేసేటప్పుడు వాడిన రేకు: వీటిని కడగొద్దు, బంతిలో వేయొద్దు. కవర్లో కట్టి ఎరుపు డబ్బాలో, కొత్త లెక్కలో ప్రత్యేక జాగ్రత్త చెత్తలో వేయాలి. ఎలుకల మందు రేకును ఆరుబయట పడేస్తే కుక్కో ఆవో నాకుతుంది.

మందు లేని మామూలు రేకు కూడా పశువులకు చేటే. కుండీ దగ్గర ఆవులు అన్నం వాసనకు మూటను మూటలాగే మింగుతాయి. ప్లాస్టిక్, రేకు కడుపులో అరగవు, బయటికీ రావు, పేరుకుపోతాయి. నమలకుండా మింగి తర్వాత నెమరేసే జంతువు అది, లోపల ఏముందో చూసుకోదు. అన్నం డబ్బాలోకి, రేకు విడిగా పోతే ఆ మూటే ఉండదు.

కాలువలో వేస్తే ఏమవుతుందో అనంతపురం నడిమివంక, కడప బుగ్గవంక, కర్నూలు హంద్రీ ఒడ్డున ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక్క రేకుతో వంక పూడదు. కవర్ల గుట్టకు రేకు అడ్డంపడి, దానికి మట్టి పట్టి, జాలీ దగ్గర గోడలా నిలబడుతుంది.

ఇంటి వెనక తగలబెట్టినా రేకు మాయం కాదు. ఆకులు, కవర్లు కాలిపోయాక బూడిదలో తునకలుగా మిగులుతుంది, ఆ బూడిదను తీసుకెళ్లి మొక్కలకు వేస్తే మట్టిలో చేరుతుంది.

ఫంక్షన్లు, పండగలు

పెళ్లి, ఉర్సు, ఇఫ్తార్, వర్ధంతి భోజనాలప్పుడు రేకు ఒక్క పూటలో కిలోల లెక్కన వస్తుంది. అప్పుడే బంతి లెక్క నిజంగా గిట్టుబాటవుతుంది. లైసెన్సు లేని చోట వంద మందికి మించి జరిగే కార్యక్రమం గురించి మూడు పని దినాల ముందే మున్సిపాలిటీకి చెప్పాలని 2016 నియమాల్లోనే ఉంది. చెప్పేటప్పుడే పొడి చెత్తకు విడిగా బండి అడగండి.

క్యాటరింగ్ వాళ్లు కూరలు తెచ్చే పెద్ద అల్యూమినియం ట్రేలు పల్చటి రేకు కన్నా ఎన్నో రెట్లు బరువు. చేయి కడిగే చోట రెండు డ్రమ్ములు పెట్టి, ట్రేలు, పార్శిల్ డబ్బాలు పడేసే దాని పక్కన ఒక మనిషిని నిలబెట్టండి. బోర్డు చదివి వేసేవాళ్లు తక్కువ, మనిషిని చూసి వేసేవాళ్లు ఎక్కువ. గీకిన అన్నం వేరే డ్రమ్ములోకి. ట్రేలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, తొక్కి, గోనె సంచిలో నింపితే గుజిరీ అంగడివాడే వచ్చి తీసుకెళ్తాడు. ఇళ్లకు పంపే పార్శిళ్లు రేకులో కాకుండా స్టీలు డబ్బాల్లో పంపితే ఇదంతా సగం తగ్గుతుంది. డబ్బాలు తిరిగి రావన్నది క్యాటరింగ్ వాళ్ల బాధ, అది నిజమే, మూత మీద పేరు చెక్కిస్తే కొన్నయినా వస్తాయి.

ఇంట్లో వాడకం దగ్గర కూడా ఒక మాట. చపాతీ, జొన్నరొట్టె, ఓళిగలు చుట్టిన రేకుకు జిడ్డు తక్కువ. తుడిచి, ఆరబెట్టి, మడతపెట్టి మర్నాడు అదే పనికి వాడొచ్చు. చిల్లు పడ్డాకే బంతిలోకి. పచ్చి మాంసం తగిలినదైతే రెండోసారి వాడకుండా కడిగి నేరుగా బంతిలోకి పంపాలి.

బండి రెండు రోజులు రాకపోతే తడి చెత్తకు తొందర గానీ రేకుకు తొందర లేదు. ఆరిన బంతి సింకు కింద పాత బియ్యం సంచిలో ఆరు నెలలున్నా వాసన రాదు, పురుగు పట్టదు, పాడవదు. సంచి సగం నిండాక ఒక్కసారే ఇచ్చినా సరిపోతుంది.